ఇద్దఱు క్వేకరు చదువరులు

మౌనమును గూర్చి మాటలాడుట కంటె నవ్వు పుట్టించు పని మఱియొకటి లేదు. అందును ఆకాశవాణిలో మాటలాడుట మఱింత వింత. ఇచ్చట వక్త క్షణకాలము నోరు మూసెనేని, యంత్రము చెడినదని తలచి మీరు రేడియో చెవి మెలిపెట్టుదురు. అయినను నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము మౌనమునే ఆరాధనగా జేసికొన్న యొక చిన్న మతసంఘమునకు చెందినది. లోకము వారిని క్వేకరులనును. వారు మాత్రము తమ్ము తాము మిత్రులమని చెప్పుకొందురు. వారి సంఘమునకు మిత్రసమాజమని పేరు.

నేను ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. శబ్దమంజరి, అమరము, రఘువంశము, ఆపైని ప్రబంధములు: ఇది నా చదువు నడచిన బాట. ఇంగ్లీషు నాకు పెద్దవాడనైన తరువాత, నిఘంటువు ప్రక్కన నుంచుకొని, తడవి తడవి నేర్చిన భాష. ఇట్టివానికి క్వేకరులతో నేమి పని యని మీరడుగవచ్చును. మిల్టను మహాకవి కన్నులు పోయిన తరువాత తన కావ్యమును నోట జెప్పగా ఇతరులు వ్రాసిరని పాఠ్యపుస్తకములలో నుండును. ఆ ఇతరులెవ్వరు? వానికి గ్రంథములు చదివి వినిపించిన వారెవ్వరు? బడిపంతులు స్వభావము మీకు తెలియనిది కాదు. తరగతిలో పిల్లవాడడుగని ప్రశ్నను కూడ తానే వేసికొని తానే వెదకుచుండును. ఆ వెదకులాటలో నాకు దొరకినవాడు థామసు ఎల్‌వుడ్డు అను క్వేకరు యువకుడు. అతనిని విడువక వెంబడింపగా, నూటయేబదియేండ్లకు పిమ్మట బెర్నార్డు బార్టను అను మఱియొక క్వేకరు ఎదురయ్యెను. ఈ యిద్దఱును మహాకవులు కారు, మతాచార్యులును కారు. చదువరులు. చదువరుల చరిత్రను వ్రాయువారు తక్కువ. అందుచేత నేడు వారి కథ చెప్పదలచితిని.

ముందుగా ఆ సమాజమును గూర్చి నాలుగు మాటలు. జార్జి ఫాక్సు 1624వ సంవత్సరమున ఇంగ్లండులో లీస్టరు మండలమున ఒక నేతవాని యింట బుట్టెను. అతని యౌవనమునాటికి దేశమంతయు రాజునకును పార్లమెంటునకును జరిగిన యుద్ధముతో అట్టుడికినట్లుడుకుచుండెను. 1649లో రాజు శిరస్సు తెగెను. దేవాలయములలో ఎవరి మాట నమ్మవలెనో జనులకు తోచకుండెను. ఆ సమయమున ఫాక్సు, దైవము ప్రతి మనుష్యుని లోపలను ఒక వెలుగుగా నున్నాడనియు, ఆ వెలుగును గనుటకు పురోహితుడుగాని గోపురముగాని యక్కఱలేదనియు బోధించెను. 1650లో డెర్బీ పట్టణమున న్యాయాధికారి యెదుట నిలిచి, దైవవాక్యము విని వణకుమని అతనినే హెచ్చరించెను. ఆ యధికారి నవ్వి వీరికి వణకువారని పేరు పెట్టెను. క్వేకరనగా వణకువాడు. ఎగతాళికి పుట్టిన పేరు బిరుదుగా నిలిచినది.

వారి ప్రార్థనాగృహమున విగ్రహము లేదు, దీపము లేదు, వాద్యము లేదు. బల్లలమీద అందఱును మౌనముగా గూర్చుందురు. ఎవరికైనను లోపలినుండి ప్రేరణ కలిగెనేని, స్త్రీ గాని పురుషుడు గాని లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుండును. ఎవరికిని కలుగనిచో గంటకాలము మౌనముగనే గడచును. దక్షిణామూర్తి మౌనముతోనే శిష్యుల సంశయములు దీర్చెనని విన్న మనకు ఇది మఱీ అపరిచితమగు సంగతి కాదు. అయితే అక్కడ గురువు మౌని. ఇక్కడ గురువే లేడు, అందఱును శిష్యులే.

ఇంతటితో ఆగినయెడల ఎవరును వారిని బాధింపకపోదురు. చిక్కు మాటతీరులో వచ్చినది. ఆ కాలపు ఇంగ్లీషులో, మన తెలుగులో నున్నట్లే, 'నీవు', 'మీరు' అను భేదముండెను. చిన్నవానిని, సేవకుని నీవందురు. దొరను మీరందురు. క్వేకరులు ఈ భేదమును త్రోసివేసి, రాజును గూడ 'నీవు' అనిరి. ఒక్కనిని బహువచనముతో పిలుచుట అసత్యమనియు, అది పొగడ్తకు పుట్టిన దురాచారమనియు వారి వాదము. మా ఊరిలో పెద్దలను 'నీవు' అనిన బాలుని చెవి ఎఱ్ఱబడక మానదు. కాని ఒక మాట యోచింపుడు. మన భక్తకవులు దేవుని 'నీవు' అనియే పిలిచిరి. దేవుడు కోపింపని మాటకు గ్రామాధికారి యేల కోపింపవలె? క్వేకరులు వేసిన ప్రశ్నయు ఇదియే.

రెండవ చిక్కు టోపీ. పెద్దలయెదుట టోపీ దీయుట నాటి మర్యాద. ప్రార్థనలో దేవునికొఱకు తీయు టోపీని మనుష్యునికొఱకు తీయమని వీరనిరి. మూడవది ప్రమాణము. సత్యము చెప్పువాడు ఎల్లప్పుడును సత్యమే చెప్పును గావున, న్యాయస్థానమున ప్రత్యేకముగా ఒట్టు పెట్టుకొనుట తక్కిన వేళల అసత్యమాడుదునని ఒప్పుకొనుటయే యని వీరి తర్కము. 1662లో ఒట్టు నిరాకరించినవారిని శిక్షించు చట్టమును, 1664లో వారు సభలు కూడరాదను చట్టమును వచ్చెను. వేలమంది చెఱసాలల పాలైరి. 1689లో సహనశాసనము వచ్చువఱకు వారికి ఊపిరి సలుపలేదు.

ఇక మన మొదటి చదువరి. థామసు ఎల్‌వుడ్డు 1639లో ఆక్సుఫర్డు మండలమున క్రోవెలు గ్రామమున జన్మించెను. తండ్రి భూస్వామి, న్యాయాధికారి. కుఱ్ఱవాడు బాల్యమున కొంత లాటిను నేర్చి, ఆటపాటలలోబడి మఱచిపోయెను. వారి కుటుంబమునకు పెనింగ్టనులను వారితో స్నేహము. 1659 ప్రాంతమున తండ్రికొడుకులు వారిని చూడబోయిరి. పూర్వము వేడుకగా నుండెడి ఆ యింటివారు అప్పటికి క్వేకరులైరి. ఆ యింటి కన్యక గులియెల్మా తోటలో పూలు గోయుచుండగా థామసు చనవుగా పలుకరింపబోయెను. ఆమె మర్యాదతో బదులు చెప్పెనేకాని, ఆ గాంభీర్యమునకు కుఱ్ఱవాని నోట మాట రాలేదు. ఈ కన్యకయే తరువాత విలియము పెన్నునకు భార్య యైనది. ఆ పెన్నే అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించెను.

కొలది కాలమునకే థామసు తానును క్వేకరయ్యెను. ఇంటికి వచ్చి తండ్రి యెదుట టోపీ తీయలేదు, తండ్రిని 'నీవు' అనెను. తండ్రికి ఆగ్రహము పుట్టినది. కొట్టెను, టోపీ లాగికొనెను. కుఱ్ఱవాడు మఱియొక టోపీ పెట్టుకొనెను. అదియు పోయెను. ఇట్లొకటొకటిగా ఇంటనున్న టోపీలన్నియు తండ్రి వశమయ్యెను. టోపీ లేక వీథిలో దిరిగిన పిచ్చివాడందురని ఆ చలికాలమంతయు థామసు ఇల్లు కదలలేదు. టోపీ తీయనని పట్టుపట్టినవానికి పెట్టుకొన టోపీ లేకపోయినది! ఈ కథను ఎల్‌వుడ్డు తన స్వీయచరిత్రలో తానే చెప్పుకొన్నాడు. ఆ గ్రంథము అతడు పోయిన తరువాత 1714లో అచ్చయ్యెను. తన కష్టమును చెప్పుచు అందలి నవ్వును దాచనివాని మాటను నేను సులభముగా నమ్ముదును.

చెఱసాలకు పోవుటయు నతనికి అలవాటయ్యెను. ఒకప్పుడు లండనులోని న్యూగేటు చెఱనుండి బ్రైడ్‌వెలు చెఱకు ఖైదీలను మార్పవలసి వచ్చెను. ఆ చెఱసాల యధికారి వారి వెంట భటుని గూడ పంపలేదు. మీరే పొండని చెప్పెను. వారు మూటలు భుజాన వేసికొని, ఇద్దరిద్దఱుగా నగరవీథులలో నడచిపోవుచుండిరి. అంగళ్లవారు చూచి, ఎక్కడికని యడిగిరి. చెఱసాలకనిరి. కావలివాడేడని వారడుగగా, మేమిచ్చిన మాటయే మాకు కావలి యని వీరు చెప్పిరి. ఒట్టు పెట్టుకొననందులకు శిక్షింపబడినవారిని ఒట్టి మాటపై నమ్మి వీథిలో విడిచిపెట్టిన విచిత్రమును గమనింపుడు. వారి తర్కము గెలిచినదని ఆ చెఱసాల యధికారికి తోచెనో లేదో. బ్రైడ్‌వెలులో ఎల్‌వుడ్డు ఒక బట్టల వర్తకునికొఱకు ఎఱ్ఱని, పచ్చని ఉన్నిగుడ్డతో రాత్రివేళ తొడుగు చొక్కాలు కుట్టి పొట్ట పోసికొనెను. భూస్వామి కొడుకు సూది బట్టెను.

ఈ చెఱవాసమునకు కొంచెము ముందుగానే, 1662లో, అతనికి మిల్టనుతో పరిచయము గలిగెను. తాను పోగొట్టుకొన్న లాటినును మరల సంపాదించుకొనవలెనని అతని కోరిక. పెనింగ్టను తనకు తెలిసిన వైద్యుని ద్వారా మిల్టను కడకు పంపించెను. మిల్టనునకు అప్పటికి ఏబది నాలుగేండ్లు. కన్నులు పోయి పదేండ్లు. అతడు పక్షము వహించిన ప్రభుత్వము కూలి, 1660లో రాజు తిరిగివచ్చెను. అతని గ్రంథములు కొన్ని బహిరంగముగా తగులబెట్టబడెను. అట్టి స్థితిలో లండనున జూయిన్ వీథిలో నున్న అతని యింటికి ఈ యువకుడు ప్రథమదినము తప్ప ప్రతిదినము మధ్యాహ్నము వెళ్లి లాటిను గ్రంథములు చదివి వినిపించెడివాడు. ప్రథమదినమనగా ఆదివారము. వారముల పేళ్లు ప్రాచీన దేవతలవని క్వేకరులు వానిని వాడక, మొదటి దినము, రెండవ దినమని లెక్క పెట్టెడివారు.

మొదటి దినముననే మిల్టను అతనిని ఆపెను. నీ లాటిను ఉచ్చారణ ఇంగ్లీషువాని ఉచ్చారణ. విదేశములలో నిది యెవనికిని అర్థము కాదు. ముందు అచ్చులు సరిదిద్దుకొమ్మనెను. నేర్చినదానిని మఱచుట క్రొత్తగా నేర్చుట కంటె కష్టమని ఎల్‌వుడ్డునకు తెలిసివచ్చినది. చిన్ననాడు అమరము వల్లించుచు శ, ష, స లకు భేదము పలుకలేక నేను తిన్న మొట్టికాయలు ఇచ్చట నాకు జ్ఞప్తికి వచ్చును.

అయితే ఇంతకు మించిన సంగతి యొకటి ఎల్‌వుడ్డు చెప్పినాడు. అతడు అర్థము తెలియక చదువుచున్న చోటును మిల్టను కంఠస్వరమునుబట్టియే పసిగట్టెడివాడట. వెంటనే ఆపి, ప్రశ్నించి, ఆ కఠినస్థలమును విడమరచి చెప్పెడివాడట. ఈ వాక్యము చదివిన నాడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ముప్పదియైదేండ్లు బడిలో నేను చేసిన పని యిదియే కదా! అర్థము తెలిసి చదువు గొంతు వేఱు, తెలియక చదువు గొంతు వేఱు. తెలియనివాడు గట్టిగా, వేగముగా చదువును. ఏటి మధ్య లోతెఱుగనివాడు తొందరగా అడుగులు వేసినట్లుండును. కన్నులున్న ఉపాధ్యాయుడు పిల్లవాని ముఖము చూచి దీనిని పట్టును. కన్నులు లేనివాడు చెవితో పట్టెను. విద్యార్థి తెలివితక్కువను దాచుకొనక గ్రంథమునకెక్కించెను. ఇది వాని టోపీవంటి నిజాయితియే.

1665లో లండనున మహామారి ప్రబలెను. మిల్టను ఎల్‌వుడ్డునకు కబురు పంపి, పల్లెలో తనకొక యిల్లు చూడుమని కోరెను. బకింగ్‌హాము మండలమున చాల్‌ఫంటు సెయింటు జైల్సు గ్రామమున ఎల్‌వుడ్డు ఒక చిన్నయిల్లు కుదిర్చెను. కాని కవి వచ్చునప్పటికి ఎదురుకొని తీసికొనిపోవలసినవాడు మరల చెఱలో నుండెను! ఒక మిత్రుని శవయాత్రలో నడచుటయే అప్పటి నేరము. విడుదలయై మిల్టనును చూడబోయినపుడు, కవి ఒక వ్రాతప్రతిని దెప్పించి, ఇంటికి గొనిపోయి తీరికగా చదివి అభిప్రాయము చెప్పుమని యిచ్చెను. విప్పి చూడగా అది 'పారడైజ్ లాస్టు', స్వర్గచ్యుతి మహాకావ్యము. అప్పటికి లోకమున దానిని చూచినవారు బహుకొద్దిమంది.

ఆ యువకుని వయస్సు సుమారు ఇరువదియాఱు. ఎదుట నున్నవాడు యూరపు పండితులెఱిగిన కవి. మఱియొకడైనచో స్తోత్రము చదివి చేతులు జోడించి యుండును. ఎల్‌వుడ్డు గ్రంథమును మెచ్చుకొని తిరిగి యిచ్చుచు, స్వర్గము పోయిన సంగతి చాల చెప్పితివి, స్వర్గము దొరకిన సంగతి యేమి చెప్పెదవని మృదువుగా నడిగెను. మిల్టను బదులు చెప్పలేదు. కొంతసేపు మౌనముగా ఆలోచనలో మునిగెను. పిదప మాట మార్చెను. మహామారి తగ్గిన తరువాత లండనులో కలిసినపుడు 'పారడైజ్ రిగేయిండు' అను రెండవ కావ్యమును చూపి, ఇది నీ ప్రశ్నకు ఫలమని చెప్పెనట. మొదటి కావ్యము 1667లోను, రెండవది 1671లోను అచ్చయ్యెను. ఒక్క ప్రశ్నతోనే కావ్యము పుట్టదని విమర్శకులందురు. పుట్టకపోవచ్చును. ఆ కథ మనకు ఎల్‌వుడ్డు నోటనే తెలియుచున్నది గావున, కొంత తగ్గించి గ్రహించినను నష్టము లేదు. కాని ప్రశ్న వేసిన మనుష్యుని తీరు మాత్రము మనకు స్పష్టముగా తెలియుచున్నది. న్యాయాధికారియైన తండ్రియెదుట తీయని టోపీని అతడు మహాకవి యెదుటను తీయలేదు. వినయమునకు లోపము లేదు, పొగడ్తకు చోటు లేదు.

ఎల్‌వుడ్డు తరువాత జార్జి ఫాక్సు దినచర్యను పరిష్కరించి 1694లో అచ్చువేయించెను. తానును దావీదు చరిత్రమును కావ్యముగా వ్రాసి 1712లో ప్రకటించెను. మిల్టనునకు చదివి వినిపించినవాని కావ్యమును నేడు చదువువారు లేరు. మంచి చదువరి మంచి కవి కావలెనను నియమము లేదు. ఈ సంగతిని నాకు నేను చెప్పుకొనుట కొఱకే ఇచ్చట చెప్పితిని.

రెండవ చదువరి కాలమునకు చెఱసాలలు పోయినవి. వారికి విశ్వవిద్యాలయములలోను ప్రభుత్వోద్యోగములలోను తలుపులు మూసియుండుటచే, క్వేకరులు వర్తకమున ప్రవేశించి, ఒకే ధర చెప్పి, మాట తప్పక, ధనికులైరి. బ్యాంకులు పెట్టిరి. గడ్డకట్టిన నియమములు మాత్రము మిగిలెను. బూడిదరంగు దుస్తులు, నీవు అను మాట, నాటకములకు దూరము, సంగీతమునకు దూరము, కల్పితకథలన్న అనుమానము. రాబర్టు బార్క్లే అను పండితుడు 1676లో లాటినున వ్రాసిన వారి సిద్ధాంతగ్రంథముననే నాటకములును వినోదములును నిషేధింపబడెను. ఇట్టి సంఘమున పుట్టినవానికి కవిత్వము మీద మోహము గలిగినచో నేమి గతి?

బెర్నార్డు బార్టను 1784లో జన్మించెను. 1807లో పెండ్లాడెను. మరుసటి యేడే భార్య ఆడుబిడ్డను గని మరణించెను. ఆ దుఃఖముతో కొంతకాలము ఊరు విడిచి, తిరిగి సఫోకు మండలమందలి వుడ్‌బ్రిడ్జి పట్టణమునకు వచ్చి, క్వేకరుల బ్యాంకిలో గుమాస్తాగా జేరెను. 1849లో మరణించువఱకు, సుమారు నలువదేండ్లు, అదే బల్లకడ లెక్కలు వ్రాసెను. రాత్రులు పద్యములు, ఉత్తరములు వ్రాసెను. ఆ ఉత్తరములలో ఒకటి చార్లెసు లాంబునకు చేఱినది.

లాంబు ఎవడో చెప్పవలెను. అతడును గుమాస్తాయే. లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున, 1792 మొదలు 1825 వఱకు, లెక్కలు వ్రాసెను. ఆ కంపెనీయే ఆనాడు మన ఉత్తర సర్కారుల నేలుచుండెను. మచిలీపట్టణపు కచేరీలో శిరస్తాదారు లెక్క వ్రాయుచున్న దినముననే, సముద్రముల కావల లాంబు పెద్దపుస్తకమున కలము త్రిప్పుచుండెనన్న మాట. అతడు ఎలియా యను మాఱుపేరుతో వ్రాసిన వ్యాసములు ఇంగ్లీషు హాస్యమునకు మకుటములు. 1821లో క్వేకరుల మౌనసభను గూర్చి యొక వ్యాసము వ్రాసి, జాన్ వూల్మను అను క్వేకరు రచనలను కంఠస్థము చేయుడని చదువరులకు చెప్పెను. అదే సంవత్సరమున మఱియొక వ్యాసమున క్వేకరులమీద ఒక చమత్కారమును విసరెను.

ఆ కథ యిది. బండిలో ముగ్గురు క్వేకరులు ప్రయాణము చేయుచుండిరి. రచయిత వారితో నుండెను. దారిలో ఆండోవరు పూటకూళ్లయింట దిగిరి. క్వేకరులు తేనీరు మాత్రము పుచ్చుకొనిరి, రచయిత భోజనము చేసెను. ఇంటియామె అందఱికిని రెండింటి వెలయు కట్టెను. క్వేకరులు శాంతముగా వాదించిరి. ఆమె వినలేదు. తేనీటి వెల తీసి యిచ్చిరి. ఆమె పుచ్చుకొనలేదు. అంతట ముగ్గురును డబ్బు మరల సంచిలో వేసికొని, పెద్దవాడు ముందుగా, వరుసగా నడచి బండి యెక్కిరి. రచయితయు తన డబ్బు తీసికొని వారి వెనుక నడచెను. బండి సాగెను. ఆమె కేకలు దూరమయ్యెను. రచయిత మనస్సాక్షి గ్రుచ్చుచుండెను. ఈ ధర్మాత్ములు తమ చర్యకు ఏదైన సమాధానము చెప్పుదురని అతడు వేచి చూచెను. ఒక్కరును పలుకరు. చాలసేపటికి పెద్దవాడు మౌనము వీడి, ప్రక్కవానిని, కంపెనీ కార్యాలయమున నీలిమందు ధర ఎట్లున్నదో వింటివా యని యడిగెను!

ఈ కథ చదివి నేను నవ్వితిని. తరువాత ఆలోచించితిని. లాంబు మెచ్చిన ఆ వూల్మను అమెరికాలోని ఒక దర్జీ. 1772లో మరణించెను. బానిసలను గొనుట, ఉంచుకొనుట పాపమని ఊరూర దిరిగి తనవారికి నచ్చజెప్పినవాడు. అద్దకము మురికిని కప్పిపుచ్చుననియు మఱికొన్ని హేతువులచేతను రంగువేయని బట్టలే, తుదకు రంగులేని టోపీయే ధరించెను. ఒకే సమాజమున ఒకడు రంగు విడిచెను, మఱియొకడు రంగు ధర యడిగెను. లాంబు ఈ రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చెప్పలేదు. కాని నాకట్లు చదువ తోచినది. మౌనమున రెండు విధములు గలవు. ఒకటి తన్ను తాను పరీక్షించుకొనుటకు, రెండవది ఆ పరీక్షనుండి తప్పించుకొనుటకు. బయటినుండి చూచిన రెండును ఒక్కటిగనే యుండును. మడి కట్టుకొని జపము చేయుచు బాకీదారుని రాకకు చెవియొగ్గినవానిని మన మెఱుగనిది కాదు. హాస్యగాడు లేనిచో ఈ భేదమును మనకు చూపువాడెవ్వడు?

బార్టను తనవారిమీద ఇట్టి స్వేచ్ఛ యేల యని లాంబునకు నెమ్మదిగా వ్రాసెననియు, ఆ యుత్తరముతోనే వారి స్నేహము మొదలయ్యెననియు చరిత్రకారులు చెప్పుదురు. కోపముతో వ్రాసిన యుత్తరమైనచో స్నేహము పుట్టదు. 1822 మొదలు వారిద్దఱును పుస్తకములను గూర్చి, మతమును గూర్చి, ఉద్యోగపు విసుగును గూర్చి వ్రాసికొనిరి. లాంబు ఉత్తరములలో ఉత్తమములని పేరొందినవి కొన్ని ఈ క్వేకరు గుమాస్తాకు వ్రాసినవే.

బార్టనునకు బ్యాంకి విడిచి కవిత్వముతో జీవింపవలెనని కోరిక పుట్టినది. 1812లోనే బైరను కవి, వ్రాయుట మానకుము గాని దానినే నమ్ముకొనకుమని అతనికి హితవు చెప్పియుండెను. 1823 జనవరిలో లాంబు మఱింత గట్టిగా హెచ్చరించెను. పుస్తకవ్యాపారులకు దాసుడవగుట కంటె బ్యాంకిబల్ల వేయిరెట్లు మేలనెను. ఆ మాట చెప్పినవాడు తన బల్లను ప్రతిదినము తిట్టుకొనుచుండిన గుమాస్తా యని మఱువరాదు. బార్టను ఆ హితవును పాటించెను. నా ముప్పదవ యేట నేనును ఉద్యోగము విడిచి, అవధానములు చేయుచు దేశము తిరుగవలెనని నిశ్చయించి, గురువుగారి కడకు పోతిని. వారు నా మాట సాంతము విని, పప్పెంత, బియ్యమెంత యని రెండే ప్రశ్నలడిగిరి. నేను తిరిగి బడికి వచ్చితిని. మంచిదైనదో కాదో నేటికిని తేల్చుకొనలేకున్నాను. కాని గురువుగారి ప్రశ్నలో దయ యుండెనని మాత్రము ఎఱుగుదును.

1824లో క్వేకరు మిత్రులు కొందఱు కూడి బార్టనునకు పండ్రెండు వందల పౌనులు సమకూర్చి యిచ్చిరి. కవిత్వమును అనుమానించు సమాజమే తన కవిని పోషించెను. పుచ్చుకొనవచ్చునా యని అతడు లాంబునడిగెను. పుచ్చుకొమ్మని లాంబు చెప్పెను. బార్టను పటములను ప్రేమించి గోడలకు వ్రేలాడదీసికొనెను. సాంప్రదాయికుడగు క్వేకరు యింట నది అరుదు. చివరి కాలమున, చలికాలపు శనివారపు రాత్రులలో, కాదు, ఏడవ దినపు రాత్రులలో, ఒక యువమిత్రుడు వచ్చి సర్ వాల్టరు స్కాటు నవలలు చదువుచుండగా వినెడివాడు. రానున్న హాస్యఘట్టము ముందే తెలిసియుండుటచే, అది రాకమునుపే అతని ముఖమున నవ్వు వచ్చెడిదట. ఆ చదివిన మిత్రుడు ఎడ్వర్డు ఫిట్జ్‌జెరాల్డు. తరువాత 1859లో ఉమరు ఖయాము పద్యములను ఇంగ్లీషున వెలయించి కీర్తి గాంచినవాడు. పెద్దకవికి చదివిపెట్టిన క్వేకరుతో మన కథ మొదలై, క్వేకరునకు చదివిపెట్టిన కవితో ముగిసినది.

శ్రోతలారా, ముగించుటకు ముందు నా యింటి మాట యొకటి. నా కన్నులకు మసక గ్రమ్మినది. పొరుగింటి బాలిక సాయంకాలములందు వచ్చి నాకు చదివిపెట్టును. అర్థము కానిచోట ఆమె గొంతు వేగమగును, నేను ఆపుదును. గత మాసమున, ముప్పదియేండ్లుగా పెట్టెలోనున్న నా ఉత్తరరామకథా కావ్యపు వ్రాతప్రతిని ఆమెచేత చదివించుకొంటిని. దానిని విన్న మిత్రులందఱును ఇదివఱకు శాలువ కప్పినవారే. బాలిక తుదివఱకు చదివి, "తాతగారూ, రాముడు ఏడ్చినది నలువది పద్యములలో వ్రాసినారు. సీతమ్మ అడవిలో దిగిన తరువాత ఏమనుకొన్నదో ఒక్కటియు వ్రాయలేదేమి?" అని యడిగెను.

మొదట నాకు కోపము వచ్చినది. శాస్త్రములో దానికి సమాధానము వెదకితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను మిల్టనును కాను, ఆమెకు ఎల్‌వుడ్డు పేరే తెలియదు. అయినను ఆ ప్రశ్న టోపీ తీయని ప్రశ్న. మఱునాడు ఆమె వచ్చినపుడు, ఇంకను సమాధానము చెప్పలేనంటిని. ఒక పద్యము మాత్రము ఆమెచేత వ్రాయించితిని. అది బాగుండలేదని ఆమె గొంతునుబట్టియే నాకు తెలిసినది. కొట్టివేయించి, మరల మొదలుపెట్టితిమి.